రాసిన కాపీని దిద్దేదెవరు? జర్నలిజం పీజీపై ఒక సమీక్ష

తెలుగు రాష్ట్రాల్లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల జర్నలిజం ఎం.ఏ. పూర్తి చేసి, ప్రస్తుతం ఒక దినపత్రికలో వార్తలు దిద్దే విభాగమైన డెస్కులో పనిచేస్తున్న వ్యక్తిగా ఆ కోర్సు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు చెప్పడం లేదు. ఇక్కడ ప్రస్తావించే లోపాల్లో చాలావరకు వేరే విభాగాల్లో చదివి వచ్చిన నా సహోద్యోగులు కూడా చెప్పినవే గనుక, ఒక్క విభాగాన్ని వేలెత్తి చూపితే మిగతావాటికి ఊరికే యోగ్యతాపత్రం ఇచ్చినట్లవుతుంది. ఫీజు కట్టి పొందే ఏ సేవనైనా తూచడానికి ఒక గీటురాయి ఉండాలి. జర్నలిజం పీజీ విషయంలో నా గీటురాయి ఒక్కటే: విద్యార్థి రాసిన కాపీని, అంటే వార్త రాతప్రతిని, చదివి, దిద్ది, మళ్లీ రాయించే మనిషి అక్కడ ఉన్నారా, ఉంటే ఆ పని రెండేళ్లలో ఎంత తరచుగా జరుగుతుంది? స్టూడియో, గ్రంథాలయం, సెమినార్లు, పెద్దల ఉపన్యాసాలు ఇవన్నీ దాని తరువాతే వస్తాయి.

జర్నలిజం తరగతి గదిలో నేర్పే విద్యేనా అన్న వాదన మన దేశంలో పాతదే. అయినా దేశ విభజనకు ముందే లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం 1941లోనే ఒక విభాగాన్ని నెలకొల్పింది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1954లో, డి ఫారెస్ట్ ఓడెల్ అనే అమెరికన్ ఆచార్యుడి సారథ్యంలో ఈ చదువును ప్రారంభించింది. ఇప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరును ఇటీవలే స్వీకరించిన తెలుగు విశ్వవిద్యాలయం కూడా కలుపుకుంటే, ఒక్క హైదరాబాద్‌లోనే తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ వాతావరణాల్లో ఈ కోర్సు దొరుకుతుంది. ఎంచుకోవడానికి అవకాశాలున్నాయన్నది నిజమే గానీ, ఎంపిక విధానంలోనే మొదటి తేడా కనిపిస్తుంది. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ రాయాలి. ఇవన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పరీక్షలు. రాతే వృత్తిగా పెట్టుకోబోయే అభ్యర్థి ఒక్క వాక్యమైనా రాయకుండానే సీటు సంపాదించవచ్చు. దాని ఫలితం మొదటి సెమిస్టరులోనే తెలిసిపోతుంది: నోబెల్ గ్రహీతల పేర్లు వరుసగా చెప్పగలిగి, వీధిలో జరిగిన గొడవను ఐదు వాక్యాల్లో రాయలేనివారు తరగతిలో సగానికి పైగా ఉంటారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లను అడిగింది అదే.

కోర్సులో నిస్సంకోచంగా మెచ్చుకోదగినది మీడియా చట్టాల పేపరు. వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం, దానికి 19(2) విధించే సహేతుకమైన పరిమితులు, 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం, పరువునష్టం, ప్రెస్ కౌన్సిల్ ఇవి అన్నిచోట్లా సిలబస్‌లో ఉంటాయి. మాకు పాఠం చెప్పిన అధ్యాపకురాలు న్యాయశాస్త్రం చదివినవారు కావడం వల్ల సెక్షన్లను వల్లె వేయించకుండా వార్తలనే కేసులుగా ముందుంచేవారు. క్రిమినల్ పరువునష్టం కేసులో నిజం చెప్పడం ఒక్కటే రక్షణ కాదని, అది ప్రజాహితం కోసం చెప్పినదై ఉండాలని శిక్షాస్మృతిలోని మొదటి మినహాయింపు చెబుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 356వ సెక్షనుగా మారింది, శిక్షల జాబితాలో సమాజసేవ కూడా చేరింది. ఈ మార్పులు ఆవిడ వెంటనే పాఠంలోకి తెచ్చారు. పుస్తకాల షాపులో దొరికే గైడ్లు మాత్రం చాలాకాలం పాత శిక్షాస్మృతిలోని 499, 500 సెక్షన్ల దగ్గరే ఆగిపోయాయి.

ఆవిడ చేయించిన ఒక అభ్యాసం గురించి వివరంగా చెప్పాలి. లైంగిక నేరానికి గురైన మైనర్ బాలికకు సంబంధించిన వార్తల కత్తిరింపులు కొన్ని తెచ్చి పంచిపెట్టారు. వేటిలోనూ పేరు లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం పేరే కాదు, చిరునామా, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు ఇలా బాలికను గుర్తుపట్టడానికి దారి తీసే ఏ వివరమూ ప్రచురించకూడదు. మా పని ఆ కోణంలో చదివి కొట్టివేయవలసిన మాటలను గుర్తించడం. ఒక వార్తలో మండలం పేరు, బాలిక చదివే తరగతి, తండ్రి చేసే పని మూడూ విడివిడి పేరాల్లో ఉన్నాయి. ఏ ఒక్కటీ విడిగా చూస్తే ప్రమాదకరంగా అనిపించదు, మూడింటినీ కలిపితే ఆ ఊళ్లో తెలియనివారు ఉండరు. ఇప్పుడు డెస్కులో అలాంటి కాపీ చేతికి వచ్చినప్పుడు మొదట ఆ మూడు పేరాల కోసమే వెతుకుతాను. ఈ ఒక్క పేపరు కోసమైనా కోర్సు చదవవచ్చునని నా అభిప్రాయం, ఎందుకంటే పత్రికా కార్యాలయంలో ఈ విషయం నేర్పేవారు ఉండరు. ఫిర్యాదు వచ్చాక తెలుసుకుంటారు.

ఇక అసలు గీటురాయి దగ్గరికి వస్తాను. మొదటి ఏడాది రిపోర్టింగ్, ఎడిటింగ్ పేపరు చెప్పినవారు ఒక దినపత్రికలో చాలాకాలం సబ్ ఎడిటర్‌గా పనిచేసి విరమణ పొందిన పెద్దాయన, పార్ట్‌టైమ్ అధ్యాపకులు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఐదు డబ్ల్యూలు, ఒక హెచ్, ముఖ్యమైనది ముందు రాసే తలకిందుల పిరమిడ్ అంటూ ఆయన ఎక్కువసేపు బోర్డు దగ్గర నిలబడలేదు. రోడ్డు ప్రమాదం గురించి నోటితో వివరాలు చెప్పి, అరగంటలో కాపీ ఇమ్మన్నారు. నా పక్కన కూర్చున్న అమ్మాయి ‘ఆర్టీసీ బస్సు డ్రైవర్ నిర్లక్ష్యానికి దంపతులు బలయ్యారు’ అని మొదలుపెట్టింది. ఆయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని, “నిర్లక్ష్యం అని ఎవరన్నారమ్మా?” అని అడిగారు. “పోలీసులు సార్, మీరే చెప్పారు కదా” అంది ఆ అమ్మాయి. “పోలీసులు అన్నట్టు నేను చెప్పాను. నీ కాపీలో పోలీసులు ఏరి? ఇక్కడ అన్నది నువ్వే” అని ఆ మాట కింద ఎర్ర గీత గీశారు. అదే కాపీలో పైన మృతుడి వయసు ఒకటి, కింద మరొకటి ఉంది. అక్కడికక్కడే చనిపోయారని ఒకచోట, ఆసుపత్రికి తరలిస్తుండగా చనిపోయారని మరోచోట ఉంది. నా కాపీ ఇంతకంటే ఘోరంగా ఉండడం వల్ల దాన్ని తరగతికి చదివి వినిపించలేదు, అందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఆ కాగితాలన్నీ ఇంటికి తీసుకెళ్లి, మరుసటి వారం ఒక్కొక్కరివి ఎర్ర సిరాతో నింపి తెచ్చి ఇచ్చారు. తిరిగి రాయమన్నారు. మళ్లీ దిద్దారు. ఈ తరగతులు నడిచినంతకాలం మాకు జర్నలిజం నేర్చుకుంటున్నామన్న స్పృహ ఉండేది.

ఆ తరగతులు ఎక్కువకాలం నడవలేదు. పార్ట్‌టైమ్ అధ్యాపకుల పారితోషికం నెలల తరబడి విడుదల కాకపోవడంతో రెండో ఏడాదికి ఆయన రావడం మానుకున్నారు. ఆ స్థానంలో వచ్చిన తాత్కాలిక అధ్యాపకుడు పరిశోధన డిగ్రీ ఉన్నవారు, సౌమ్యులు, ఏ రోజూ తరగతి ఎగ్గొట్టనివారు. అయితే పత్రికలో ఎన్నడూ పనిచేయలేదు. ఎడిటింగ్ అంటే ఏమిటో స్లైడ్ల మీద నిర్వచనాలు చూపించారు, ఇంటర్నల్ పరీక్షలో ఆ నిర్వచనాలే అడిగారు. మా కాపీలు కాగితాల మీదే మిగిలిపోయాయి. ఇందులో ఆయన దోషం కంటే నియామకాల పద్ధతి దోషమే ఎక్కువ. శాశ్వత పోస్టుకు నెట్ వంటి అధ్యాపక అర్హత పరీక్ష లేదా పీహెచ్‌డీ చూస్తారు, పాతికేళ్ల డెస్కు అనుభవానికి అక్కడ పెద్దగా విలువ లేదు. అనుభవం ఉన్నవారిని గంటల లెక్కన పిలుస్తారు, ఆ గంటల డబ్బు కూడా సకాలంలో ఇవ్వరు. జర్నలిజం విభాగంలో అత్యంత అవసరమైన మనిషి అత్యంత అస్థిరమైన ఉద్యోగి కావడం నేను చూసిన పెద్ద లోపం.

కమ్యూనికేషన్ సిద్ధాంతాల పేపరు గురించి క్లుప్తంగా చెబుతాను. మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు 1968 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో చాపెల్ హిల్‌లో 100 మంది ఎటూ తేల్చుకోని ఓటర్లను ప్రశ్నించి, 1972లో ప్రచురించిన అజెండా సెట్టింగ్ అధ్యయనం నిజంగా విలువైనదే. ప్రజలు దేని గురించి ఆలోచించాలో పత్రికలు నిర్ణయించగలవన్న ఊహకు అది కొలత తెచ్చింది. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి పుట్టిన సారా వ్యతిరేక ఉద్యమం, దానికి ఒక తెలుగు దినపత్రిక రోజూ ప్రత్యేక పేజీ కేటాయించడం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం రావడం ఈ వరుస అంతా మన కళ్లముందే ఉండగా, పాఠ్యాంశంలో దాని ప్రస్తావన ఒక్క పేరాలో కూడా లేదు. ఉద్యమం పత్రికను కదిలించిందా, పత్రిక ఉద్యమాన్ని పెంచిందా అన్న చర్చ ఒక సెమిస్టరంతా నడపవచ్చు. మేం చాపెల్ హిల్ సంగతి రాసి మార్కులు తెచ్చుకున్నాం.

డేటా జర్నలిజం పేరుతో రెండో ఏడాది పెట్టిన ఐచ్ఛిక పేపరు ఆశించినదానికంటే బాగుంది. గణాంకశాస్త్ర విభాగం నుంచి వచ్చిన ఒక యువ అధ్యాపకుడు తీరిక చేసుకుని చెప్పారు. ఒక జిల్లాలో పదో తరగతి ఉత్తీర్ణత 80 శాతం నుంచి 88 శాతానికి పెరిగితే దాన్ని 8 శాతం పెరుగుదల అని రాయడం తప్పని, పెరిగింది 8 శాతం పాయింట్లని, పాత అంకెతో పోల్చితే పెరుగుదల 10 శాతమని ఆయన లెక్క వేసి చూపించినప్పుడు, ఆ వారం పత్రికలు తిరగేసి చూస్తే అదే పొరపాటు ఎన్నో చోట్ల కనిపించింది. అలాగే రెండు జిల్లాల నేరాల సంఖ్యలను పోల్చేముందు లక్ష జనాభాకు ఎన్ని అన్నది తేల్చాలని, లేకపోతే పెద్ద జిల్లా ఎప్పుడూ నేరాల జిల్లాగానే కనిపిస్తుందని చెప్పారు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడం కూడా ఈ పేపరులో భాగమే. 2005 నాటి ఆ చట్టం గురించి పది మార్కుల జవాబు రాయడం వేరు, ఏ అధికారిని అడగాలో తేల్చుకుని, ‘ఎందుకు’ అని వివరణ కోరకుండా ‘ఏ రికార్డు’ కావాలో స్పష్టంగా రాసి, పది రూపాయల రుసుము జతచేసి, ముప్పై రోజుల గడువు కోసం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడం వేరు. మా తరగతిలో చాలామందికి గడువులోగా జవాబు రాలేదు, అప్పుడు మొదటి అప్పీలు ఎలా రాయాలో నేర్చుకున్నారు. పాఠంగా చూస్తే అదీ లాభమే.

సౌకర్యాల విషయానికి వస్తే, కరపత్రంలో రాసిన వీడియో కెమెరాలు నిజంగానే ఉన్నాయి. బీరువాలో ఉన్నాయి. ఆడిట్ భయంతో తాళం తీయరు. విశ్వవిద్యాలయాలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చిన రోజున వాటిని స్టాండ్ల మీద నిలబెట్టారు. విద్యార్థులు వీడియో ప్రాజెక్టులన్నీ సొంత ఫోన్లతోనే తీశారు, బహుశా ఉద్యోగంలో కూడా చేయవలసింది అదే కాబట్టి దీన్ని పెద్ద నష్టంగా లెక్కవేయను. అంతకంటే ఇబ్బంది పెట్టింది తెలుగు టైపింగ్. మాకు ఎవరూ అది నేర్పలేదు. ఫోనులో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు మీద నెగ్గుకొచ్చిన మేం, ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన పత్రికా కార్యాలయంలో అను ఫాంట్ల కీబోర్డు ముందు కూర్చోగానే చేతులు కట్టేసినట్లయింది. చాలా తెలుగు పత్రికలు, డీటీపీ కేంద్రాలు ఏళ్ల తరబడి దానిమీదే నడిచాయి. వెబ్‌సైట్ల కోసం యూనికోడ్ వచ్చాక రెండూ తెలియవలసి వచ్చింది. ఇంటర్న్‌షిప్ కాలంలో సగం ‘క’కు వత్తు ఎక్కడుందో వెతకడానికే సరిపోయింది. మిగతా సగం ప్రెస్‌నోట్లను వార్తలుగా తిరగరాయడంలో గడిచింది. రెండేళ్ల కోర్సులో ఒక్క నెల ఉదయం పూట గంట కేటాయిస్తే తీరిపోయే సమస్య ఇది.

క్షేత్ర పర్యటనల్లో జహీరాబాద్ దగ్గరి మాచునూరులోని సంగం రేడియో ఒక్కటే గుర్తుంచుకోదగినది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 2008లో ప్రారంభించిన ఈ కమ్యూనిటీ రేడియోను దళిత మహిళలు నడుపుతారు. చిరుధాన్యాల సాగు, పాటలు, ఊరి ముచ్చట్లు అక్కడి మాటల్లోనే వినిపిస్తాయి. ప్రామాణిక భాష పేరుతో మాలో సగం మంది యాసను ఉచ్చారణ తరగతుల్లో అరగదీస్తున్న సమయంలో అక్కడికి వెళ్లడం వల్ల దాని ప్రభావం బలంగా పడింది. తిరిగి వచ్చాక మాలో ఒకరు డిసర్టేషన్ అంశాన్ని మార్చుకుని దాని మీదే పనిచేశారు. సాధారణంగా డిసర్టేషన్ అంటే మూడు దినపత్రికలు ఎంచుకుని, ఒక నెల సంచికల్లో ఫలానా అంశంపై వచ్చిన వార్తలు పేజీలో ఆక్రమించిన చోటును కాలమ్ సెంటీమీటర్లలో కొలిచి, పట్టికలు వేసి, విశ్వవిద్యాలయం గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో నల్ల అట్ట బైండింగ్ చేయించి సమర్పించడం. కొలవడం వరకు శ్రద్ధగానే చేస్తారు. ఆ కొలత ఏం చెబుతోందన్న చివరి అధ్యాయం మాత్రం అందరిదీ ఒకేలా ఉంటుంది.

పత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం పాఠశాలలతో పోల్చకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. వాటిలో ప్రవేశానికి వ్యాసం, అనువాదం రాయిస్తారు. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. కాపీ దిద్దడం అక్కడ రోజువారీ వ్యవహారం. నా గీటురాయి మీద అవి విశ్వవిద్యాలయాల కంటే ముందుంటాయని ఒప్పుకోవాలి. అయితే ఆ శిక్షణ ఒక సంస్థ శైలికి, అవసరాలకు తగినట్లు మనిషిని మలుస్తుంది, కొంతకాలం అక్కడే పనిచేస్తామని ఒప్పందం కూడా రాయించుకుంటారు. యాజమాన్యం గురించి, ప్రకటనల ప్రభావం గురించి, మీడియా ఎవరి చేతుల్లో ఉందన్న దాని గురించి అక్కడ తీరిగ్గా చర్చించే అవకాశం తక్కువ. ఆ చర్చకు విశ్వవిద్యాలయ తరగతి గదే సరైన చోటు. ఇంగ్లిష్ పత్రికల్లో పనిచేయాలనుకునేవారికి 1965లో ఢిల్లీలో స్థాపించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ (ఐఐఎంసీ), 1994లో బెంగళూరులో మొదలై 2000లో చెన్నైకి మారిన ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉన్నాయి. రెండోదాని ఫీజు లక్షల్లో ఉంటుంది, వ్యవధి ఏడాదే, పని ఒత్తిడి మాత్రం పత్రికా కార్యాలయాన్ని తలపిస్తుందని అక్కడ చదివిన మిత్రులు చెబుతారు. అమెరికా వెళ్లి మాస్టర్స్ చేయాలనుకునేవారు ఒక లెక్క ముందే వేసుకోవాలి: సాధారణ జర్నలిజం డిగ్రీ సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదువుల స్టెమ్ జాబితాలోకి రాదు గనుక, చదువు ముగిశాక అక్కడ పనిచేయడానికి దొరికే అనుమతి ఏడాది మాత్రమే, ఇంజినీరింగ్ చదివిన మన పిల్లలకు అదనంగా దొరికే 24 నెలల పొడిగింపు వీరికి ఉండదు.

చివరిగా ఉద్యోగాల సంగతి. పత్రికా ఉద్యోగుల జీతాలపై మజీఠియా వేతన సంఘం చేసిన సిఫారసులను కేంద్రం 2011లో నోటిఫై చేయడం, 2014లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించడం మాకు పరీక్షలో తరచూ వచ్చే ప్రశ్న. నాకు మొదట వచ్చిన నియామకపత్రం కాంట్రాక్టుది, అందులో ఆ పేరు ఎక్కడా లేదు. డిగ్రీ ఉన్నా లేకపోయినా కొత్తగా చేరినవారి జీతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు, మండల స్థాయి విలేకరికైతే నెల జీతమన్నదే చాలాచోట్ల ఉండదు. మా బ్యాచ్‌లో పత్రికల్లో, చానళ్లలో నిలదొక్కుకున్నవారు తక్కువ. నెట్ రాసి బోధన వైపు వెళ్లినవారు, సంస్థల ప్రచార విభాగాల్లో చేరినవారు, సమాచార పౌరసంబంధాల శాఖ నోటిఫికేషన్ కోసం కోచింగ్ తీసుకుంటున్నవారు ఎక్కువ. వారిలో చదువు వృథా అయిందన్న మాట నేనెప్పుడూ వినలేదు. రిపోర్టింగ్ కోసమే చేరినవారు మాత్రం ఆ పెద్దాయన రావడం మానేసిన నాటి నుంచి పత్రికల పాఠశాలల ప్రవేశ ప్రకటనలు వెతుక్కున్నారు, ఇద్దరు ముగ్గురు మూడో సెమిస్టరులోనే అటు వెళ్లిపోయి మళ్లీ రాలేదు.